అబుదాబి ఫ్యామిలీ వీసాకి పెళ్లి సర్టిఫికెట్, పాప బర్త్ సర్టిఫికెట్ అటెస్టేషన్: సోంపేట నుంచి ఎలా మొదలుపెట్టాలి?

సోంపేట_తీరం (ప్రశ్న)

అందరికీ నమస్కారం. మా తమ్ముడు అబుదాబిలో ఫ్యాబ్రికేషన్ కంపెనీలో ఫోర్‌మన్. భార్యనీ పాపనీ తీసుకెళ్లాలని చూస్తున్నాడు. కంపెనీ వాళ్లు రెండు కాగితాలు అడిగారు. ఒకటి పెళ్లి సర్టిఫికెట్, రెండోది పాప పుట్టిన సర్టిఫికెట్. రెండింటికీ పూర్తి అటెస్టేషన్ ఉండాలన్నారు.

పెళ్లి 2019లో శ్రీకూర్మం గుడిలో జరిగింది. దేవస్థానం రసీదు, శుభలేఖ, ఫోటోలు ఉన్నాయి. రిజిస్ట్రేషన్ చేయించలేదు. పాప 2022లో ఒడిశాలోని బరంపురంలో ఒక ప్రైవేటు నర్సింగ్ హోంలో పుట్టింది. అక్కడిచ్చిన సర్టిఫికెట్‌లో పాప పేరు గడి ఖాళీగా ఉంది. తల్లి పేరు దగ్గర మా ఇంటిపేరు పెట్టి ‘లక్ష్మి’ అని రాశారు. మరదలి పాస్‌పోర్టులో పుట్టింటి ఇంటిపేరుతో ‘వరలక్ష్మి’ అని ఉంది. పాపకి పాస్‌పోర్టు ఇంకా తీయలేదు.

తమ్ముడు సంక్రాంతికి 30 రోజుల సెలవు మీద వస్తాడు. విశాఖలో ఒక ఏజెంటు ‘రెండింటికీ అపోస్టిల్ చేయించేస్తాం, కాగితాలిచ్చేయండి’ అంటున్నాడు. మాకు కావలసింది అదేనా? పాప సర్టిఫికెట్ బరంపురం చుట్టూ తిరగకుండా మా పంచాయతీలోనే కొత్తగా తీసుకోవచ్చా? ఏది ముందు, ఏది వెనక చేసుకోవాలో తెలిసినవాళ్లు చెప్పండి.

నాగావళి_గట్టు

ముందు ఏజెంటు మాట. అబుదాబికి కావలసింది అపోస్టిల్ కాదు. అపోస్టిల్ అనేది హేగ్ ఒప్పందంలో ఉన్న దేశాల మధ్య నడిచే పద్ధతి. ఇండియాకి అది 2005 నుంచి అమల్లో ఉంది. ఆ దేశాలకైతే మన విదేశాంగ శాఖ (ఎంఈఏ) కాగితం వెనక స్టిక్కర్ అంటిస్తే చాలు, ఎంబసీ గడప తొక్కక్కర్లేదు. యూఏఈ ఆ ఒప్పందంలో లేదు. ఖతార్, కువైట్ కూడా లేవు. ఒమన్ 2012లో, బహ్రెయిన్ 2013లో, సౌదీ 2022 డిసెంబరులో చేరాయి. కాబట్టి ‘గల్ఫ్‌కి ఇలాగే’ అని ఒకే మాట చెప్పేవాడి దగ్గర జాగ్రత్తగా ఉండండి. సౌదీ వెళ్లే పక్కింటాయన కాగితానికి సరిపోయిన దారి మీ తమ్ముడి కాగితానికి సరిపోదు.

యూఏఈకి నాలుగు మెట్లు. కాగితం ఏ రాష్ట్రంలో పుట్టిందో ఆ రాష్ట్ర ప్రభుత్వం (వ్యక్తిగత పత్రాలకి హోం శాఖ లేదా సాధారణ పరిపాలన శాఖ) ముద్ర మొదటిది. తర్వాత ఎంఈఏ మామూలు అటెస్టేషన్. ఆ తర్వాత ఇండియాలోని యూఏఈ దౌత్య కార్యాలయం. చివరిది యూఏఈలో వాళ్ల విదేశాంగ శాఖ, అక్కడివాళ్లు ‘మోఫా’ అంటారు. ఈ వరస తప్పడానికి లేదు, ఎందుకంటే ప్రతి మెట్టు దగ్గరా అధికారి చూసేది ముందు మెట్టువాడి సంతకాన్నే. కాగితంలో రాసింది నిజమా కాదా అని ఎవరూ చూడరు. అందుకే తప్పున్న సర్టిఫికెట్‌కి కూడా ముద్రలన్నీ పడిపోతాయి. ఆ తప్పు వీసా కౌంటర్ దగ్గర బయటపడుతుంది. అప్పుడు మళ్లీ మొదటి మెట్టు నుంచి రావాలి, కట్టిన రుసుములన్నీ పోతాయి.

మీ కేసులో అసలు విషయం ‘ఏ రాష్ట్రం’ అన్నది. పెళ్లి సర్టిఫికెట్ ఆంధ్రలో పుడుతుంది, కాబట్టి దాని మొదటి ముద్ర వెలగపూడి సచివాలయంలో. పాప సర్టిఫికెట్ ఒడిశాది, దానికి ముద్ర భువనేశ్వర్‌లోనే పడాలి. మీరు శ్రీకాకుళం జిల్లావాళ్లు, ఆధార్ సోంపేటది, అయినా వెలగపూడిలో దాన్ని ముట్టుకోరు. ఇచ్చాపురం, కవిటి, కంచిలి వైపు కాన్పుకి బరంపురం వెళ్లే ఇళ్లన్నిటికీ ఇదే వర్తిస్తుంది. విశాఖ కేజీహెచ్‌లో పుట్టిన పిల్లలకైతే ఈ తేడా లేదు. సర్టిఫికెట్ విశాఖ కార్పొరేషన్‌ది అయినా రాష్ట్రం ఒకటే.

పంచాయతీలో కొత్తగా తీసుకోవచ్చా అన్నారు. వద్దు. జనన మరణాల రిజిస్ట్రేషన్ చట్టం (1969) ప్రకారం బిడ్డ ఎక్కడ పుడితే అక్కడే నమోదు. ఇంటి చిరునామాతో పని లేదు. ఒక బిడ్డకి రెండు చోట్ల రెండు రిజిస్ట్రేషన్ నంబర్లుంటే రెండోది అబద్ధపు నమోదు అవుతుంది. అది రేపు పాప పాస్‌పోర్టు దగ్గర, ఇంకా తర్వాత పౌరసత్వ దరఖాస్తుల దగ్గర మెడకు చుట్టుకుంటుంది. మీ దగ్గర నమోదు ఉంది కదా, పేరు ఒక్కటే లేదు. దాన్ని బాగుచేయించుకోవడమే దారి.

ఇంకొకటి. డబ్బు ఖర్చు పెట్టకముందే తమ్ముడి జీతం నిబంధనకి సరిపోతుందో చూడండి. యూఏఈలో కుటుంబాన్ని స్పాన్సర్ చేయడానికి నెలకి 4000 దిర్హామ్‌లు, లేదా 3000 దిర్హామ్‌లతో పాటు వసతి ఉండాలి. అది లేకపోతే కాగితాలన్నీ పక్కాగా ఉన్నా లాభం లేదు.

బొబ్బిలి_కోట

పెళ్లి సంగతి నేను చెప్తాను. దేవస్థానం రసీదు పెళ్లి జరిగిందనడానికి ఆధారం మాత్రమే, సర్టిఫికెట్ కాదు. దాని మీద ఏ ప్రభుత్వ ముద్రా పడదు. సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో హిందూ వివాహ చట్టం కింద రిజిస్టర్ చేయించండి. 2019 పెళ్లిని ఇప్పుడు రిజిస్టర్ చేయించుకోవడానికి అడ్డేమీ లేదు. సర్టిఫికెట్ మీద పెళ్లి జరిగిన తేదీ, రిజిస్టర్ అయిన తేదీ విడివిడిగా ఉంటాయి. పెళ్లి జరిగిన చోటు పరిధిలో గానీ, మీరు కాపురముండే చోటు పరిధిలో గానీ చేయించుకోవచ్చు. మీకు సోంపేటే దగ్గర.

30 రోజుల సెలవు అన్నారు కాబట్టి ఈ ఒక్కటి గట్టిగా గుర్తుపెట్టుకోండి. ఎవరైనా ‘స్పెషల్ మ్యారేజ్ యాక్ట్ కింద చేయిద్దాం’ అంటే ఒప్పుకోకండి. దానికి 30 రోజుల నోటీసు గడువు ఉంటుంది, సెలవంతా నోటీసులోనే కరిగిపోతుంది. హిందూ వివాహ చట్టం కింద జరిగిపోయిన పెళ్లిని నమోదు చేయించడానికి ఆ గడువు లేదు. కాగితాలు సరిగ్గా ఉంటే పని వెంటనే తెమిలే అవకాశం ఉంటుంది.

దంపతులిద్దరూ స్వయంగా వెళ్లాలి. ముగ్గురు సాక్షులు తమ గుర్తింపు కార్డులతో రావాలి. పెళ్లిలో ఉన్నవాళ్లయితే మంచిది. శుభలేఖ, తాళి కడుతున్నదో తలంబ్రాలదో జంట స్పష్టంగా కనిపించే ఫోటో, పాస్‌పోర్టు సైజు ఫోటోలు, వయసుకి టెన్త్ మార్కుల జాబితా, చిరునామాకి ఆధార్. శుభలేఖ మీద ముద్దుపేర్లు, ‘చి.ల.సౌ.’ తర్వాత సగం పేరు ఉంటే కంగారు పడక్కర్లేదు, దేవస్థానం రసీదు కూడా జత చేయండి.

పేరుకి మాత్రం ఆధార్ మీద ఆధారపడకండి. ఇద్దరి పాస్‌పోర్టుల కాపీలూ ముందు పెట్టి, ‘సర్టిఫికెట్‌లో పేరు పాస్‌పోర్టులో ఉన్న అక్షరాలతోనే రావాలి’ అని చెప్పండి. మన వైపు ఆధార్‌లో ఇంటిపేరు ఒక్క పొడి అక్షరంగా ఉంటుంది, పాస్‌పోర్టులో పూర్తిగా ఉంటుంది. డేటా ఎక్కించే మనిషి చేతికి ఏది ముందు వస్తే అది కొట్టేస్తాడు. సబ్ రిజిస్ట్రార్ సంతకం పెట్టకముందే ముసాయిదా అడిగి అక్షరం అక్షరం చదవండి. తండ్రి పేర్లు, పెళ్లి తేదీ, ఊరి పేరు కూడా. సంతకం అయ్యాక దిద్దించుకోవడం వేరే తతంగం. సర్టిఫైడ్ కాపీలు రెండో మూడో ఒకేసారి తీసుకోండి. ముద్రలు పడేది ఒకటే అయినా మిగతావి ఇంట్లో ఉంటాయి.

గ్రామ పంచాయతీ కార్యదర్శి 2002 నాటి నిర్బంధ వివాహ నమోదు చట్టం కింద ఇచ్చే సర్టిఫికెట్ చెల్లదని నేననను. కానీ విదేశీ కార్యాలయాలకి అలవాటైన కాగితం సబ్ రిజిస్ట్రార్‌ది. వీలున్నప్పుడు అదే చేయించుకోండి.

మరదలి పాస్‌పోర్టులో పుట్టింటి ఇంటిపేరు ఉందని ఇప్పుడు హడావుడిగా మార్చకండి. పెళ్లయితే ఇంటిపేరు మార్చుకోవాలనే చట్టం ఏదీ లేదు. పాస్‌పోర్టులో ఉన్న పేరుతోనే పెళ్లి సర్టిఫికెట్, అదే పేరుతో పాప సర్టిఫికెట్‌లో తల్లి పేరు. మూడూ ఒక్కటైతే ఎవరూ ప్రశ్నించరు.

సోంపేట_తీరం

చాలా విషయాలు తెలిశాయి, ధన్యవాదాలు. పాప సర్టిఫికెట్‌లో తల్లి పేరు మార్చడం కుదురుతుందా మరి? ‘ఇద్దరూ ఒకరే’ అని నోటరీ దగ్గర అఫిడవిట్ రాయించి జత చేస్తే సరిపోతుందని ఇక్కడ ఒక డాక్యుమెంట్ రైటర్ అంటున్నాడు.

చంపావతి

ఆ అఫిడవిట్ బ్యాంకు దగ్గర, స్కూలు దగ్గర పనికొస్తుంది. విదేశీ ఇమిగ్రేషన్ దగ్గర దాన్ని నమ్ముకోకూడదు. పైగా దానికీ వేరే అటెస్టేషన్ కావాలంటారు, ఒక కాగితం రెండవుతుంది. మూలంలోనే దిద్దించండి.

బరంపురం రిజిస్ట్రార్ దగ్గర మీకు రెండు పనులున్నాయి, ఒకే విడతలో పెట్టుకోండి. ఒకటి పాప పేరు చేర్చడం. ఇది జనన మరణాల రిజిస్ట్రేషన్ చట్టంలో సెక్షన్ 14. నమోదైన ఏడాదిలోపు అయితే ఉచితం, ఆ తర్వాత 15 ఏళ్ల వరకు ఆలస్య రుసుముతో చేర్చవచ్చు. మీ పాపది 2022 కాబట్టి రుసుము కట్టాలి, అంతకుమించి చిక్కు లేదు. తల్లిదండ్రుల రాతపూర్వక విజ్ఞప్తి కావాలి. ఒకసారి చేర్చిన పేరు మళ్లీ మార్చడం కష్టం. ఇంటిపేరుతో సహా ఏ అక్షరాలు వేయాలో ఇంట్లో కూర్చుని తేల్చుకుని, పెద్ద అక్షరాలతో కాగితం మీద రాసి పట్టుకెళ్లండి. పాస్‌పోర్టు ఇంకా తీయలేదన్నారు, అది మీకు కలిసొచ్చింది. ముందు సర్టిఫికెట్, దాన్ని చూసి పాస్‌పోర్టు.

రెండోది తల్లి పేరు దిద్దుబాటు. ఇది అదే చట్టంలో సెక్షన్ 15. ఇక్కడ రిజిస్ట్రార్ తేడా చూస్తాడు. అక్షరదోషం అయితే ఆధారం చూసి సులువుగా దిద్దుతాడు. ‘లక్ష్మి’ని ‘వరలక్ష్మి’ చేయడం, ఇంటిపేరు మార్చడం అక్షరదోషం కింద రాదు, సారం మారినట్టు లెక్క. దానికి తల్లిదండ్రుల డిక్లరేషన్‌తో పాటు విషయం తెలిసిన ఇద్దరు నమ్మకస్తుల డిక్లరేషన్లు, అన్నిటికంటే ముఖ్యంగా కాన్పు నాటికే ఉన్న ఆధారాలు కావాలి. తల్లి టెన్త్ మార్కుల జాబితా, కాన్పుకి ముందు తీసిన పాస్‌పోర్టు, నర్సింగ్ హోం డిశ్చార్జి సమ్మరీ. డిశ్చార్జి సమ్మరీలో కూడా ‘లక్ష్మి’ అనే ఉంటే ఆసుపత్రి నుంచి ఒక లేఖ తెచ్చుకోండి. ఎందుకంటే రిజిస్ట్రార్‌కి వివరాలు పంపింది ఆసుపత్రే, తప్పు అక్కడ మొదలైందని చూపితే పని తేలికవుతుంది. దిద్దినప్పుడు పాత నమోదును చెరపరు. రిజిస్టరులో అంచున సవరణ రాసి సంతకం పెడతారు, తర్వాత కొత్త సర్టిఫికెట్ తీస్తారు. పాత సర్టిఫికెట్ మీదే పెన్నుతో కొట్టేసి సంతకం పెట్టి ఇస్తే తీసుకోకండి. అలాంటి కాగితాన్ని తర్వాతి మెట్లలో తిప్పి పంపేస్తారు.

వీసా దరఖాస్తు టైపు చేసే చోట పాస్‌పోర్టు పేరే తెర మీద ఉంటుంది. అబుదాబిలో ఈ పని చూసేది ఫెడరల్ ఐసీపీ, అంటే అక్కడ వీసాలు, గుర్తింపు కార్డులు చూసే కేంద్ర సంస్థ. అక్కడ మన ఇంటిపేర్ల పద్ధతి, వాడుక పేర్ల పద్ధతి ఎవరికీ తెలియదు. పైడితల్లి, సింహాచలం, అప్పలనరసమ్మ లాంటి మన పేర్లని ఇంగ్లిషులో నాలుగు రకాలుగా రాస్తారు, విడదీసి ఒకచోట, కలిపి ఒకచోట. మనకి అది ఒకే మనిషి. అక్కడివాళ్లకి అక్షరాలు వేరైతే మనిషి వేరు. అందుకే ఉత్తరాంధ్ర పిల్లల సర్టిఫికెట్లలో తల్లి పేరు మీద ఇంత పట్టుబట్టి చెప్తున్నాను.

కొత్త సర్టిఫికెట్‌లో ఒడియాతో పాటు ఇంగ్లిషు కూడా ఉండేలా అడగండి. ఇప్పటి సీఆర్ఎస్ (జనన మరణాల నమోదుకి వాడే ఆన్‌లైన్ వ్యవస్థ) ముద్రణలో రెండూ ఉంటాయి. ఒక్క ఒడియాలోనే చేత్తో రాసిన పాత నమూనా అయితే తర్వాత అనువాదం మెడకు పడుతుంది.

ఇవన్నీ తమ్ముడు రాకముందే అయిపోవాలి. తల్లి వెళ్లి దరఖాస్తు పెట్టవచ్చు, తండ్రి గుర్తింపు కాపీలు, సంతకం చేసిన లేఖ ముందే తెప్పించుకోండి. సంక్రాంతి మూడు రోజులు ఆఫీసులుండవు. అటూ ఇటూ ఉన్న శని ఆదివారాలు కలిస్తే వారం పోయినట్టే. తమ్ముడు దిగిన వెంటనే, పండక్కి ముందే సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు పని ముగించుకోండి. ఆ తర్వాత ముద్రల కోసం ఆయన ఇక్కడ ఉండక్కర్లేదు, పాస్‌పోర్టు కాపీ, అధికార లేఖ ఉంటే ఇంట్లోవాళ్లు నడిపించవచ్చు.

నాగావళి_గట్టు

ఏజెంటు విషయం ఒకటి వదిలేశాను. ఏజెంటుని పెట్టుకోవద్దని చెప్పను, సోంపేట నుంచి వెలగపూడికి, భువనేశ్వర్‌కి, హైదరాబాద్‌కి తిరగడం అందరివల్లా కాదు. కానీ డబ్బిచ్చే ముందు మూడు ప్రశ్నలు అడగండి.

పెళ్లి సర్టిఫికెట్ మీద ఏ రాష్ట్రం ముద్ర వేయిస్తావు? కొందరు రాష్ట్ర ప్రభుత్వాన్ని తప్పించి, ఢిల్లీలో ఎస్డీఎం (సబ్ డివిజనల్ మేజిస్ట్రేటు) ముద్ర వేయించి ఎంఈఏకి పెడతారు. వాళ్లకి త్వరగా అవుతుంది. ఆ ముద్రని కొన్ని ఎంబసీలు ఒప్పుకోవు. ఒప్పుకోని చోట మళ్లీ వెలగపూడి నుంచి మొదలు. ‘ఆంధ్ర ప్రభుత్వ ముద్ర కావాలి’ అని రాతపూర్వకంగా తీసుకోండి. పాపదానికి ఒడిశా ప్రభుత్వం అని.

రెండో ప్రశ్న, ఖర్చు విడమర్చి చెప్పమనండి. ఎంఈఏ అపోస్టిల్‌కి ప్రభుత్వ రుసుము డాక్యుమెంటుకి 50 రూపాయలు. వ్యక్తిగత పత్రాల మామూలు అటెస్టేషన్‌కి ఎంఈఏ రుసుమే లేదు. పత్రాలు తీసుకునే అధీకృత ఏజెన్సీ సేవా చార్జీ మాత్రం ఉంటుంది. వేలల్లో అయ్యేది యూఏఈ దౌత్య కార్యాలయం రుసుము, ఆ తర్వాత అక్కడి మోఫా రుసుము. కాబట్టి ‘ఎంఈఏకి ఇంత అవుతుంది’ అని పెద్ద మొత్తం చెప్తే అది అతని సొంత చార్జీ అని అర్థం చేసుకోండి.

మూడోది, పత్రాలు ఎవరి చేతిలో ఉంటాయి? 2012 నుంచి ఎంఈఏ నేరుగా జనం దగ్గర పత్రాలు తీసుకోవడం లేదు, అధీకృత ఏజెన్సీల ద్వారానే. ఆ ఏజెన్సీల పేర్లు ఎంఈఏ వెబ్‌సైట్‌లో ఉంటాయి. ఊళ్లోని ఏజెంటు తీసుకెళ్లి ఇచ్చేది వాళ్లకే. ఏ ఏజెన్సీకి ఇచ్చాడో, దాని రసీదు మీకు పంపమనండి. ఇదివరకు అన్నీ ఢిల్లీ వెళ్లేవి, 2019 నుంచి బ్రాంచ్ కార్యాలయాల్లో కూడా చేస్తున్నారు, హైదరాబాద్ అందులో ఉంది. ఈ-సనద్ అనే ఆన్‌లైన్ దారి కూడా ఉంది. పత్రం ఇచ్చిన కార్యాలయం ఆ పోర్టల్‌లో ఉంటే కాగితం పంపకుండానే పని నడుస్తుంది. ముందు అక్కడ మీ సర్టిఫికెట్ రకం, రాష్ట్రం ఎంచుకుని చూడండి.

రాజాం_రోడ్డు

దీనికి దగ్గరగా ఉన్న సందేహం. మాది రాజాం. 2014లో పుట్టిన బాబు సర్టిఫికెట్‌లో ‘శ్రీకాకుళం జిల్లా’ అని ఉంది. ఇప్పుడు మాది విజయనగరం జిల్లా. సింగపూర్ వెళ్లడానికి సర్టిఫికెట్ దిద్దించాలా?

చంపావతి

దిద్దించకండి. అది తప్పు కాదు. బాబు పుట్టిననాటికి రాజాం శ్రీకాకుళం జిల్లాలోనే ఉంది. 2022 ఏప్రిల్ 4న రాజాం, వంగర, సంతకవిటి, రేగిడి ఆమదాలవలస విజయనగరానికి వచ్చాయి. పాలకొండ, సీతంపేట, వీరఘట్టం, భామిని పార్వతీపురం మన్యం జిల్లాలోకి వెళ్లాయి. అంతకుముందు 1979లో విజయనగరం జిల్లా ఏర్పడినప్పుడు కూడా ఇలాగే శ్రీకాకుళం, విశాఖ జిల్లాల నుంచి ఊళ్లు మారాయి. పుట్టినచోటు పుట్టిననాటి జిల్లాతో ఉండటమే సరైన రికార్డు.

చూడాల్సింది పాస్‌పోర్టు. బాబు పాస్‌పోర్టులో పుట్టినచోటు సర్టిఫికెట్‌తో కలవాలి. ఊరి పేరు ఒకటై జిల్లా మాత్రమే వేరుగా ఉంటే, జిల్లాల పునర్విభజన ఉత్తర్వు కాపీ ఒకటి దగ్గర ఉంచుకోండి, అడిగితే చూపవచ్చు. అసలు ఊరే వేరుగా ఉంటే, అంటే పుట్టింది విశాఖ ఆసుపత్రిలో, పాస్‌పోర్టులో రాజాం అని ఉంటే, అది పాస్‌పోర్టు రీఇష్యూలో దిద్దించుకోవాలి. మన మూడు జిల్లాలకీ విశాఖ ప్రాంతీయ పాస్‌పోర్టు కార్యాలయమే. సింగపూర్ 2021 సెప్టెంబరు నుంచి హేగ్ ఒప్పందంలో ఉంది కాబట్టి రాష్ట్ర ముద్ర, తర్వాత ఎంఈఏ అపోస్టిల్, అంతే.

జిల్లా మార్పు ఇబ్బంది పెట్టేది ఒక్కచోటే. దిద్దుబాటుకో ఆలస్య నమోదుకో వెళ్లేటప్పుడు ఇప్పటి పరిధి చూసుకోవాలి. రాజాంవాళ్లు శ్రీకాకుళం ఆర్డీవో ఆఫీసులో దరఖాస్తు పెడితే అది తిరిగొస్తుంది. చీపురుపల్లి, బొబ్బిలి, పలాస రెవెన్యూ డివిజన్లు 2022లో వచ్చినవే. మీ మండలం ఏ డివిజన్‌లో ఉందో సచివాలయంలో అడిగి వెళ్లండి.

గజపతినగరం_జంక్షన్

మా అక్క 1986లో ఇంటి దగ్గర కాన్పులో పుట్టింది, మంత్రసాని చేసింది. ఎక్కడా నమోదు లేదు. ఇప్పుడు అమెరికా గ్రీన్ కార్డు దశలో బర్త్ సర్టిఫికెట్ అడుగుతున్నారు. అపోస్టిల్ కూడా కావాలా?

చంపావతి

అమెరికా గ్రీన్ కార్డుకి బర్త్ సర్టిఫికెట్ మీద అపోస్టిల్ అడగరు. ఆ ఖర్చు పెట్టకండి. అక్కడ చూసేది నమోదు ఎప్పుడు జరిగిందన్నది.

మొదటి పని వెతకడం. ‘లేదు’ అని ఇంట్లోవాళ్లు అనుకోవడం వేరు, రిజిస్టరులో లేకపోవడం వేరు. అప్పట్లో గ్రామాధికారి చెప్పిన కాన్పులు ఎన్నో రాసుకున్నారు, పేరు లేకుండా తండ్రి పేరు, ‘ఆడ శిశువు’ అని మాత్రమే ఉంటుంది. పంచాయతీలో లేకపోతే తహసీల్దారు ఆఫీసు రికార్డుల్లో వెతికించండి. వెతికేటప్పుడు టెన్త్ సర్టిఫికెట్ తేదీ ఒక్కటే ఇవ్వకండి. బళ్లో వేసినప్పుడు తేదీ మార్చి చెప్పిన ఇళ్లు మన దగ్గర ఎన్నో, అందుకని ముందు ఏడాది, తర్వాత ఏడాది పుటలు కూడా చూడమనండి. దొరికితే మీ అదృష్టం, పాత నమోదు మీద పేరు చేర్చుకోవడం గురించి రిజిస్ట్రార్‌ని అడగండి.

దొరకకపోతే రిజిస్ట్రార్ నుంచి నాన్ అవైలబిలిటీ సర్టిఫికెట్ తీసుకోండి. నిబంధనల్లో అది ఫారం 10. ఇంగ్లిషులో, ఆఫీసు ముద్రతో, ఏ ఏ సంవత్సరాల రిజిస్టర్లు చూశారో రాసి ఉండాలి. ఇది చేతికి రాకముందు ఆలస్య నమోదుకి వెళ్లకండి. చాలామంది వరస తప్పేది ఇక్కడే. ఒకసారి ఆలస్య నమోదు అయ్యాక రిజిస్టరులో నమోదు ఉన్నట్టే కదా, ‘లేదు’ అనే సర్టిఫికెట్ ఇక ఇవ్వరు.

తర్వాత రెండు దారులు. మొదటిది, నాన్ అవైలబిలిటీ సర్టిఫికెట్‌తో పాటు టెన్త్ సర్టిఫికెట్, తల్లిదండ్రులో, పుట్టుక నాటికి ఊహ తెలిసిన దగ్గరి బంధువులో ఇచ్చే ప్రమాణ పత్రాలు రెండు. ప్రమాణ పత్రంలో పుట్టిన తేదీ, ఊరు, తల్లిదండ్రుల పూర్తి పేర్లు, చెప్పేవాళ్లకి ఆ సంగతి ఎలా తెలుసో స్పష్టంగా ఉండాలి. ‘నాకు తెలిసినంతలో’ అని ఒక్క వాక్యంతో ముగించినవి తిరిగొస్తాయి.

రెండోది ఆలస్య నమోదు. ఏడాది దాటిన పుట్టుకకి ఇదివరకు చట్టంలో ఫస్ట్ క్లాస్ మేజిస్ట్రేటు ఉత్తర్వు అని ఉండేది. 2023 సవరణ తర్వాత జిల్లా మేజిస్ట్రేటు, సబ్ డివిజనల్ మేజిస్ట్రేటు, లేదా అధికారం ఇచ్చిన ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేటు ఉత్తర్వు అని మారింది. ఆచరణలో దరఖాస్తు, తహసీల్దారు విచారణ, ఆర్డీవో ఉత్తర్వు, ఆ మీదట రిజిస్ట్రార్ నమోదు. ఈ సర్టిఫికెట్ ఇక్కడ అన్నిటికీ చెల్లుతుంది. అమెరికావాళ్లు మాత్రం నమోదు తేదీ చూసి, ఎన్నో ఏళ్ల తర్వాత నమోదైంది కాబట్టి ఇంకా ఆధారాలు పెట్టమంటారు. అంటే ఈ దారిలో వెళ్లినా టెన్త్ సర్టిఫికెట్, ప్రమాణ పత్రాలు ఎలాగూ కావాలి. తల్లిదండ్రులు ఉన్నప్పుడే ఆ ప్రమాణ పత్రాలు రాయించి పెట్టుకోవడం మంచిది, ఎందుకంటే వాళ్ల సాక్ష్యానికి సమానమైనది తర్వాత దొరకదు.

సోంపేట_తీరం

చివరిగా రెండు చిన్న సందేహాలు. పాప పాత సర్టిఫికెట్ లామినేషన్ చేయించాం, పాడైనట్టేనా? అరబిక్ అనువాదం ఇక్కడే విశాఖలో చేయించి పంపాలా?

నాగావళి_గట్టు

ఎలాగూ దిద్దిన కొత్త సర్టిఫికెట్ వస్తుంది కాబట్టి పాతదాని గురించి బెంగ లేదు. కొత్తది మాత్రం లామినేషన్ చేయించకండి. ముద్రలూ స్టిక్కర్లూ పడేది కాగితం వెనకవైపే, ప్లాస్టిక్ మీద ఎవరూ వేయరు. ఊడదీయబోతే అక్షరాలు లేచిపోతాయి. మడతపెట్టకుండా, పిన్ను కొట్టకుండా ప్లాస్టిక్ ఫోల్డర్‌లో ఉంచండి. వెనకవైపు ఏజెంటు గానీ మీరు గానీ పెన్నుతో నంబర్లు రాయకూడదు.

సర్టిఫికెట్ మీద డిజిటల్ సంతకం, క్యూఆర్ ఉన్నా సరే, రిజిస్ట్రార్ చేత సిరా సంతకం, పేరు, హోదా, ఆఫీసు రబ్బరు ముద్ర కూడా వేయించుకోండి. హోం శాఖలో పని సంతకాన్ని పోల్చుకోవడమే. సంతకం ఎవరిదో, ఏ హోదానో చదవడానికి లేకపోతే కాగితం ఆగిపోతుంది. జిరాక్స్ మీద నోటరీ చేయించి పంపితే కుదరదు, అసలు పత్రమే వెళ్లాలి. వెళ్లే ముందు రెండు వైపులా స్కాన్ తీసుకోండి, ప్రతి మెట్టు తర్వాత మళ్లీ ఒకసారి వెనకవైపు స్కాన్ పంపమనండి.

అనువాదం ఇక్కడ చేయించొద్దు. యూఏఈలో వాళ్ల న్యాయశాఖ లైసెన్సు ఉన్న అనువాదకుడు చేసిందే చెల్లుతుంది. అదీ ముద్రలన్నీ పడ్డాక చేయించాలి, అప్పుడే ముద్రల్లో రాసింది కూడా అరబిక్‌లోకి వస్తుంది. తమ్ముడు సెలవు అయ్యాక వెళ్లిపోతే, ఇక్కడ ఎంబసీ మెట్టు వరకు పూర్తయిన పత్రాలు కొరియర్‌లో ఆయనకి పంపండి. ఊరివాళ్లు ఎవరైనా అటు వెళ్తుంటే చేతికిచ్చి పంపడం మన వైపు అలవాటే, కానీ ట్రాకింగ్ ఉన్న కొరియర్ అయితే పోయినప్పుడు ఎక్కడ పోయిందో తెలుస్తుంది. పెళ్లి సర్టిఫికెట్, పాప సర్టిఫికెట్ రెండూ ఒకే కవర్లో పెట్టకండి.